తగినంత ఉప్పు అంటే ఎన్ని గ్రాములు?

ప్రశ్న: నా వయసు 36. విజయవాడలో ఆడిట్ పని చేస్తాను. రోజంతా లెక్కలతోనే గడుస్తుంది. సాయంత్రాలు చేతులతో చేసే పని ఏదైనా నేర్చుకోవాలని ఉంది. వీడియో చూసి గుత్తి వంకాయ కూర చేయబోతే ‘ఉప్పు తగినంత’, ‘దోరగా వేయించాలి’, ‘దగ్గర పడే వరకు’ అనే మాటల దగ్గరే ఆగిపోయాను. మసాలా మాడింది, ఉప్పు ఎక్కువైంది. మా అమ్మను అడిగితే ‘చేస్తూ ఉంటే అదే తెలుస్తుంది’ అంటుంది. నీలాంటి లెక్కల మనిషికి బేకింగ్ అయితేనే సరి, అందులో అన్నీ గ్రాముల్లో ఉంటాయని స్నేహితులు చెప్పారు. ఒకరి దగ్గర ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) అడిగి తెచ్చుకుని రెండు కేకులు చేశాను. మొదటిది మధ్యలో కుంగింది. రెండోసారి బేకింగ్ పౌడర్ తగ్గించి, అమ్మకు మధుమేహం ఉందని చక్కెర సగం చేసి, పది నిమిషాలు ఎక్కువసేపు ఉంచాను. అది ఎండిపోయి గట్టిగా వచ్చింది. నాకు ఏది సరిపోతుంది? ఓటీజీ కొనమంటారా? లేక ఈ రెండూ నా వల్ల కాని పనులా?

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తాను. బేకింగ్‌తోనే మొదలుపెట్టండి. అయితే కేకులతో కాదు, బ్రెడ్డుతో. ఓటీజీ ఇప్పుడే కొనకండి, తెచ్చుకున్నదాన్ని మరో రెండు నెలలు ఉంచుకోవచ్చేమో మీ స్నేహితుణ్ణి అడగండి. ఇప్పుడు కొనవలసినవి ఒక చిన్న డిజిటల్ కాటా, ఓవెన్ లోపల పెట్టే ఒక థర్మామీటరు. దీంతోపాటు వారానికి ఒకసారి మీ అమ్మగారి పక్కన నిలబడి ఒకే ఒక వంటకం చేయండి. ఈ రెండో పని కూడా తప్పదని ఎందుకు అంటున్నానో వివరించడానికే ఈ జవాబు ఇంత పెద్దదైంది.

బేకింగ్ శాస్త్రమనీ వంట కళ అనీ విడదీసి చెప్పడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. బ్రెడ్డు పైపొర ఎర్రబడటానికీ, ఉల్లిపాయ ఎర్రగా వేగడానికీ, దోసె అంచు రంగు తిరగడానికీ వెనక ఉన్న సంగతి ఒకటే. పదార్థంలోని చక్కెరలూ మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి కొత్త రంగునూ కొత్త వాసననూ పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో దీన్ని వివరించాడు. వంట పుస్తకాల్లో మెయిలార్డ్ చర్య అని కనిపించేది ఇదే. మీ గుత్తి వంకాయ మసాలా కమ్మగా వేగినా, బేకరీ ముందు నుంచి నడుస్తుంటే బన్నుల వాసన తగిలినా అక్కడ జరుగుతున్నది ఈ చర్యే.

అసలు తేడా వేరే చోట ఉంది. పొరపాటు జరిగిందని మీకు ఎప్పుడు తెలుస్తుంది అన్నదే ఆ తేడా. కూరలో అది నిమిష నిమిషానికీ తెలుస్తుంది. ఉప్పు చాలకపోతే వేస్తారు, పులుపు ఎక్కువైతే చిన్న బెల్లం ముక్క వేస్తారు, నీళ్లు ఎక్కువైతే ఇంకాసేపు మరగనిస్తారు. కేకు విషయంలో నిర్ణయాలన్నీ ఓవెన్ తలుపు మూయకముందే అయిపోవాలి. ఆ తరువాత ముప్పావు గంట మీరు చేయగలిగేది అద్దంలోంచి చూడటమే. బయటికి తీశాక తెలిసే తప్పును ఆ కేకులో దిద్దడానికి వీల్లేదు. గ్రాములు అంత కచ్చితంగా చెప్పేది అందుకే. మీ వృత్తిలో చెప్పాలంటే వంట రోజూ సాయంత్రం నగదు పుస్తకం సరిచూసుకోవడం లాంటిది, కేకు సంవత్సరాంతపు లెక్కను ఒకే రాత్రి మూసేయడం లాంటిది.

లెక్కకు అలవాటుపడిన మనిషికి బేకింగ్ మొదట్లో హాయిగా ఉండటం సహజం. చేతిలో గరిటె, పొయ్యి మీద పొగ, ఏం చేయాలో వెంటనే తేల్చుకోవలసిన కంగారు ఉండవు. కాగితం మీద ఉన్నది తూచి కలిపితే చాలు. ఈ సుఖంలో ఒక ప్రమాదం ఉంది. కొందరు ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోతారు. కాగితంలో ‘35 నిమిషాలు’ అని ఉంటే, లోపల బ్రెడ్డు నల్లబడుతున్నా 35 వరకూ ఆగుతారు. వాళ్ల కాటా కచ్చితంగానే ఉంటుంది, కన్ను మాత్రం ఇంకా పని నేర్చుకోలేదు. మీరు అలా కాకూడదనే వంటను కూడా దీనికి జత చేస్తున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. మన ఇళ్లలో ఓవెన్‌కు పాత జ్ఞాపకాలు లేవు. బన్ను, రస్కు, ఉస్మానియా బిస్కెట్టు మనం బేకరీలోనో ఇరానీ హోటల్లోనో తిన్నవే గాని అమ్మమ్మ చేతి వంటలు కావు. మీరు పప్పు చేస్తే ఇంట్లో ప్రతి ఒక్కరి నాలుక మీదా పోల్చడానికి ఒక పప్పు సిద్ధంగా ఉంటుంది. బ్రెడ్డు చేస్తే అటువంటిది ఉండదు. కొత్తగా నేర్చుకునేవాడికి అది చాలా పెద్ద ఊరట. అయితే అదే కారణంగా బ్రెడ్డు విషయంలో మీకు పక్కన నిలబడి చెప్పే గురువు కూడా ఇంట్లో ఉండరు. వంటకైతే మీ అమ్మగారు ఉన్నారు. ఆమెను వదులుకోవద్దు.

ఇక మీ కేకుల సంగతి. మొదటిది కుంగడానికి నాలుగైదు కారణాలు ఉండవచ్చు. బేకింగ్ పౌడర్ ఎక్కువైతే బుడగలు పిండి గట్టిపడకముందే పెద్దవై పగిలిపోతాయి. ఓవెన్ వేడి చాలకపోయినా, మధ్యభాగం ఉడకకముందే బయటికి తీసినా, సగంలో తలుపు తెరిచి చూసినా కుంగుతుంది. చెంచా విషయం కూడా ఒకసారి చూసుకోండి. వంటకాల్లో టీ స్పూను అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను అంటే 15. టీ స్పూనుకు బదులు పొరపాటున టేబుల్ స్పూను వాడితే బేకింగ్ పౌడర్ మూడు రెట్లు పడుతుంది. ఇంతమంది అనుమానితుల్లో ఎవరో మీ ఉత్తరం నుంచి తేల్చలేను.

రెండో కేకు దగ్గర మాత్రం మిమ్మల్ని గట్టిగానే అడగాలి. ఒకేసారి మూడు మార్పులు ఎందుకు చేశారు? ఒక ఖాతాలో తేడా వస్తే మూడు పద్దులు ఒక్కసారి దిద్ది మొత్తం సరిపోయిందా అని చూస్తారా? చూడరు. వంటింట్లోకి రాగానే ఆ క్రమశిక్షణ గుమ్మం బయటే ఆగిపోయింది. పైగా ఆ మూడింటిలో రెండు ఒకే వైపు లాగాయి. కేకులో చక్కెర తీపి కోసమే కాదు. అది నీటిని పట్టి ఉంచుతుంది. గుడ్డూ పిండీ తొందరగా గట్టిపడకుండా ఆపుతుంది. వెన్నతో కలిపి గిలకొట్టేటప్పుడు గాలిని నిలిపేది కూడా ఆ పలుకులే. సగం తీసేస్తే కేకు ముందే బిగుసుకుంటుంది, తడి నిలవదు. దానిమీద మీరు పది నిమిషాలు ఎక్కువ ఉంచారు. ఎండిపోక ఏం చేస్తుంది? ఈ తప్పులో మీ చేతికి శక్తి లేదనడానికి ఆనవాలు ఏమీ లేదు. రెండు కేకులు, ఒక కూర, మొత్తం మూడు ప్రయత్నాలు. మూడు వోచర్లు చూసి కంపెనీ మీద అభిప్రాయం రాయరు కదా.

బ్రెడ్డు ఎందుకంటే, అందులో ఉండేవి నాలుగే. మైదా, నీళ్లు, ఉప్పు, పిండిని పొంగించే ఈస్ట్. పాడైనా పోయేది కొద్దిపాటి పిండి. అంతకంటే ముఖ్యంగా, బ్రెడ్డు కేకులాగా మూసిన పెట్టె కాదు. ఓవెన్‌లోకి వెళ్లేలోపు రెండు మూడు గంటలపాటు అది మీ కళ్ల ముందే మారుతూ ఉంటుంది. తూచి మొదలుపెట్టి, చూస్తూ కొనసాగించే పని అది. మీలాంటి వారికి అంతకంటే మంచి బడి నాకు తెలియదు.

బేకరీవాళ్లు లెక్క ఎలా వేస్తారో చెబితే మీకు నచ్చుతుంది. పిండి ఎంతైనా సరే దాన్ని 100 అనుకుంటారు. మిగిలినవన్నీ దానికి శాతాలు. నీళ్లు 60, ఉప్పు 2, ఇన్‌స్టంట్ ఈస్ట్ 1. అంటే 300 గ్రాముల మైదాకు 180 గ్రాముల నీళ్లు, 6 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఈస్ట్. నీళ్లను కూడా తూచండి. మొత్తం 163 శాతం వస్తుందని చూడగానే మీకు ఇబ్బందిగా ఉండవచ్చు, కానీ రెండు రోజుల్లో అలవాటైపోతుంది. ఆవకాయ పెట్టే ఇళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ముక్కలు ఇన్ని గిన్నెలైతే ఆవపిండి, కారం, ఉప్పు ఇన్నేసి అని ముక్కలను ఆధారంగా పెట్టుకునే అందరూ చెప్పుకుంటారు. కాయలు పది అయినా వంద అయినా లెక్క మారదు.

గిన్నెలతో కొలిచే మన అలవాటు ఒక్క పిండి దగ్గర మాత్రం పనికిరాదు. గిద్ద, సోల, తవ్వ, మానిక అన్నీ పరిమాణపు కొలతలే. బియ్యం, కందిపప్పు ఎలా పోసినా ఇంచుమించు ఒకేలా సర్దుకుంటాయి కాబట్టి వాటికి సోల చక్కగా సరిపోయింది. మైదా అలా కాదు. చెంచాతో తేలిగ్గా నింపిన కప్పులో 120 గ్రాములు ఉంటే, అదే కప్పును సంచిలో ముంచి అదిమి తీస్తే 150 వరకూ ఉంటుంది. నాలుగో వంతు తేడా. రెండు కప్పుల మైదా అని రాసిన వంటకం ఒకరికి మెత్తగా, మరొకరికి రాయిలా రావడానికి చాలాసార్లు ఇదొక్కటే కారణం. ఒక గ్రాము చూపించే కాటా చాలు. గ్రాములో పదో వంతు చూపించేది దొరికితే ఈస్ట్‌కు ఇంకా మేలు.

పిండి కలిపేటప్పుడు మీ వేళ్లకు ఏం తెలుస్తుందో రాసుకోండి. మొదటి రెండు మూడు నిమిషాలు అది ముద్దే కాదు, వేళ్లకు అంటుకుంటూ గరుకుగా, తెగిపోతూ ఉంటుంది. ఇంకా పిండి చల్లాలనిపిస్తుంది. చల్లకండి. అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, తిప్పి, మళ్లీ తోయండి. ఐదారు నిమిషాలకు పళ్లెం నుంచి దానంతట అదే విడివడుతుంది. పది నిమిషాలకు చెవి తమ్మెలాగా మెత్తగా, నునుపుగా తయారవుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా సాగదీస్తే చిరిగిపోకుండా పల్చటి పొరలా సాగి, అవతలి వెలుతురు కనబడాలి. మైదాలోని మాంసకృత్తులు నీళ్లు తగిలి, మర్దనకు ఒకదానికొకటి పెనవేసుకుని వలలా మారాయన్నమాట. ఈస్ట్ వదిలే గాలిని నిలిపేది ఆ వలే.

ఇక్కడ గడియారాన్ని నమ్మవద్దు. మీరు చదివే వంటకాల్లో చాలావరకు చలి దేశాల వంటగదుల్లో రాసినవి. గంటన్నరలో రెట్టింపు అవుతుందని వాటిలో ఉంటుంది. మే నెల విజయవాడలో ఆ ముద్ద ముప్పావు గంటలోపే రెట్టింపవుతుంది. మీరు గంటన్నర ఆగితే పొంగి, బలం పోయి, ఓవెన్‌లో చతికిలబడుతుంది. వేసవిలో ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు వాడండి. చలికాలంలో గోరువెచ్చటివి వాడవచ్చు. వేళ్లకు చురుక్కుమనే నీళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు, 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది. సమయానికి బదులు ఇలా కొలవండి. కలిపిన పిండిలోంచి ఉసిరికాయంత ముద్ద తీసి నిటారుగా ఉండే చిన్న గాజు గ్లాసులో అదమండి. ఆ మట్టానికి ఒక రబ్బరు బ్యాండు వేసి, మిగతా పిండి పక్కనే పెట్టండి. గ్లాసులో పిండి రెట్టింపు ఎత్తుకు వచ్చిందంటే గిన్నెలోదీ వచ్చినట్టే. అప్పుడు గాలి తీసి, చుట్టి, అచ్చులో పెట్టి మరోసారి పొంగనివ్వాలి. ఈసారి తడి వేలితో మెల్లగా నొక్కి చూడండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా సమయం ఉంది, నెమ్మదిగా సగం వరకూ పైకి వస్తే ఓవెన్‌లో పెట్టవచ్చు, అసలు రాకపోతే ఆలస్యమైంది.

థర్మామీటరు ఎందుకంటే, ఓటీజీ మీట మీద 200 అని ఉన్నంత మాత్రాన లోపల 200 ఉండదు. ఇరవై డిగ్రీల తేడా అరుదేమీ కాదు. కడ్డీలు ఎర్రబడి ఆగిపోతూ, మళ్లీ వెలుగుతూ ఉండటం వల్ల వేడి పెరుగుతూ తగ్గుతూ కూడా ఉంటుంది. ఖాళీ ఓవెన్‌ను ఒకరోజు అరగంట నడిపి, ఐదేసి నిమిషాలకు అంకె రాసుకోండి. మీ మొదటి కేకు కుంగిన కారణం బహుశా ఆ కాగితంలోనే దొరుకుతుంది. బ్రెడ్డుకు నిజమైన 200 డిగ్రీలు, అరగంట పైన ఐదు నిమిషాలు సరిపోతాయి. లోపలి భాగం 94 డిగ్రీల దగ్గరకు వస్తే ఉడికినట్టు. గుచ్చి చూసే థర్మామీటరు లేకపోతే అచ్చులోంచి తీసి అడుగున వేళ్లతో తట్టండి, డొల్లగా మోగాలి. తీసిన గంట వరకూ కోయవద్దు. లోపలి ఆవిరి ఇంకా పని చేస్తూనే ఉంటుంది. వేడిమీద కోస్తే కత్తికి జిగురు అంటుకుని, బ్రెడ్డు ఉడకలేదనిపిస్తుంది.

మొదటి మూడు వారాలు ఏ మార్పూ చేయకుండా ఇదే బ్రెడ్డు మూడుసార్లు చేయండి. విసుగు పుట్టించే సలహా అని తెలుసు. కానీ అన్నీ ఒకేలా చేసినా మీ చేతిలో, మీ ఇంటి వేడిలో ఎంత తేడా వస్తుందో ముందు తెలియాలి. అది తెలియకుండా చేసిన మార్పు ఫలించిందో లేదో చెప్పలేరు. నాలుగో వారం నీళ్లు మాత్రం 192 గ్రాములకు, ఐదో వారం 204కు పెంచండి. లోపలి రంధ్రాలు పెద్దవవుతాయి, పిండి చేతికి ఎక్కువ అంటుకుంటుంది. కోసిన ముక్కను ఫోటో తీసి పుస్తకంలో తేదీ పక్కన అంటించండి. ఆరు వారాల తరువాత కూడా ఆదివారం ఉదయం పిండి కలపాలనిపిస్తే అప్పుడు పై కడ్డీ, కింద కడ్డీ విడివిడిగా వెలిగే పాతిక లీటర్ల ఓటీజీ ఒకటి కొనుక్కోండి.

ఇక ‘తగినంత’ సంగతి.

ఈ మాట మీద నాకూ ఒకప్పుడు మీలాగే కోపం ఉండేది. మా పెద్దమ్మ పప్పుచారుకు ఉప్పు వేసే తీరు చూసి విసిగిపోయి, ఒకరోజు ఆమెకు చెప్పకుండా ఉప్పు జాడీని కాటా మీద పెట్టి బరువు రాసుకున్నాను. ఆమె ఎప్పటిలాగే మాట్లాడుతూ, జాడీలోకి చూడకుండానే మూడు వేళ్లతో తీసి వేసింది. మళ్లీ కొంచెం తీసి, దానిలోంచి కాసిన్ని పలుకులు వెనక్కి రాల్చి, మిగిలింది వేసింది. జాడీని మళ్లీ తూచాను. 11 గ్రాములు తగ్గింది. మూడు రోజులు ఇలాగే చూశాను. 11, 10, 12. ఆ మూడో రోజు చారు కొంచెం ఎక్కువ కాచింది, ఇంటికి చుట్టాలు వచ్చారు. అప్పటినుంచి ‘చేస్తూ ఉంటే తెలుస్తుంది’ అనే మాట విని నేను విసుక్కోలేదు. ఆమె కొలుస్తూనే ఉంది. ఆ కొలత ఆమె వేళ్లలో ఉంది కాబట్టి మాటల్లో చెప్పలేకపోయింది. మీ అమ్మగారూ అంతే. ఆమెను వివరించమని అడగకండి, జాడీని తూచండి.

తయారైన వంటకం బరువులో ఉప్పు సుమారు 0.8 నుంచి 1 శాతం ఉంటే చాలామందికి సరిపడినట్టు అనిపిస్తుంది. ఖాళీ గిన్నె బరువు ఒకసారి తూచి గోడ మీద రాసిపెట్టుకుంటే, కిలో చారుకు 8 నుంచి 10 గ్రాములని లెక్క సులువుగా తేలుతుంది. రాళ్ల ఉప్పు చెంచాడుకూ పొడి ఉప్పు చెంచాడుకూ బరువులో తేడా ఉంటుంది, అందుకే చెంచాను కాకుండా కాటానే నమ్మండి. ముందు 0.7 శాతం వేసి, రుచి చూసి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా పెంచండి. గుత్తి వంకాయ లాంటి కూరలో, దగ్గర పడేకొద్దీ నీళ్లు పోయి ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. మొదట్లోనే సరిపోయినట్టు అనిపించిన ఉప్పు చివరికి ఎక్కువ కావడం మామూలే. మీకు జరిగింది ఇదే అయి ఉంటుంది.

మిగతా రెండు మాటలు కూడా కొలతలే, నీటికి సంబంధించిన కొలతలు. ఉల్లిపాయలో నీళ్లు ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీలు దాటదు, దాటితేగాని రంగు రాదు. ఐదు నిమిషాల్లో ఎర్రగా వేగుతాయని రాసేవాళ్లను నమ్మకండి, మోస్తరు మంట మీద పావుగంట పైమాటే. నూనెలో చిటపట తగ్గితే నీళ్లు అయిపోయాయని గుర్తు, అప్పటినుంచి కళ్లు పక్కకు తిప్పకూడదు. ‘దగ్గర పడే వరకు’, ‘నూనె తేలే వరకు’ అన్నా అదే లెక్క. మీ మసాలా మాడటానికి కారణం వేరుశనగలు, నువ్వులు, కొబ్బరి అన్నీ ఒకేసారి బాణలిలో వేయడం కావచ్చు. వేరుశనగ గింజ నెమ్మదిగా వేగుతుంది. నువ్వు గింజ చిన్నది, క్షణాల్లో రంగు మారుతుంది. వేటికవి వేయించి, వేగిన వెంటనే పళ్లెంలోకి తీసేయండి. మంట ఆపినా దళసరి బాణలి ఇంకా వేయిస్తూనే ఉంటుంది.

మన వంటలో ఇలాంటి కారణాలు ఎన్నో ఉన్నాయి, ఎవరూ విడమరచి చెప్పరు, అంతే. చింతపండు పులుసు ముందే పోస్తే పప్పూ కూరముక్కలూ ఉడకవని అందరికీ తెలుసు. పులుపు ఆ ముక్కల గోడలను మెత్తబడనివ్వదు. పాకం సంగతి ఇంకా చక్కగా ఉంటుంది. మరిగేకొద్దీ నీళ్లు తగ్గి చక్కెర చిక్కనవుతుంది, చిక్కనయ్యేకొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. 115 డిగ్రీలకు చేరిన చక్కెర పాకంలో సుమారు 85 శాతం చక్కెరే. దాన్ని నీళ్ల గిన్నెలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కడుతుంది. అరిసెలకు బెల్లం పాకం పట్టేటప్పుడు మన పెద్దలు నీళ్లలో చుక్క వేసి, వేళ్లతో నలిపి చూసేది ఈ చిక్కదనాన్నే. సంక్రాంతికి మీ ఇంట్లో అరిసెలు చేస్తే, గుచ్చి చూసే థర్మామీటరు పట్టుకుని ఆ గిన్నె పక్కన నిలబడండి. మీ అమ్మగారు ‘చాలు, దించెయ్’ అన్న క్షణాన అంకె రాసుకోండి. బెల్లం రకాన్ని బట్టి కొద్దిగా మారుతుంది. ఆ మార్పు కూడా రాసుకోవలసిందే.

వారానికి ఒక్కసారి చేయమన్న వంటకం పప్పుచారు. గుత్తి వంకాయ తరువాత చూద్దాం, అది మొదటి మెట్టు కాదు. చారులో ఉప్పు అంతటా సమానంగా కరుగుతుంది, ఎప్పుడైనా రుచి చూడవచ్చు, తప్పును అక్కడే దిద్దవచ్చు. పులుపు ఎప్పుడు పోయాలో, తాళింపులో ఏది ముందో, ఆవాలు చిటపటమనడానికి నూనె ఎంత కాగాలో అన్నీ అందులోనే ఉన్నాయి. మెంతులు ఎర్రబడితే చాలు, నల్లబడితే చేదు. కరివేపాకు తడి ఉన్నది కాబట్టి చివర్లో.

మీ అమ్మగారి విషయంలో ఒక మాట. చక్కెర తీసేసినంత మాత్రాన కేకు ఆమెకు సరిపడదు. మైదా బ్రెడ్డు కూడా అంతే. బ్రెడ్డును ఆఫీసుకు తీసుకెళ్లండి, ఆమెకు చారు కాచి పెట్టండి.

మొదటి ఆదివారానికి ఒక పని చెబుతాను. ఉప్పు వేయకుండా కిలోన్నర పప్పుచారు కాచండి. అర కిలో చొప్పున మూడు గిన్నెల్లో పోసి ఒకదాంట్లో 3 గ్రాములు, ఒకదాంట్లో 4, ఒకదాంట్లో 5 గ్రాముల ఉప్పు కలపండి. ఏది ఏదో చెప్పకుండా అమ్మగారికి చెంచాతో మూడూ రుచి చూపించి, ఏది సరిపోయిందో అడగండి. ముందు మీరు రుచి చూసి మీ జవాబు కాగితం మీద రాసి మడిచి ఉంచండి. రెండు జవాబులూ ఒకటో కాదో చూసుకున్నాక మూడు గిన్నెలూ మళ్లీ పెద్ద గిన్నెలో కలిపేయండి. 1500 గ్రాములకు 12 గ్రాములు, 0.8 శాతం. ఆ రాత్రి భోజనానికి అదే చారు.